చిరుగు బట్టలు పట్టుకెళ్ళినాయన

మా సంఘంలో ప్రతి ఏడూ లెంట్ రోజుల్లో, అంటే ఈస్టరు ముందు వచ్చే ఉపవాస రోజుల్లో, ఒక ప్రార్థన యాత్ర చేస్తాం. పెద్ద యాత్రేం కాదు, రెండ్రోజులు, ఒక మినీ బస్సు, పాతికమందిమి, అందులో ముప్పావు వంతు ఆడవాళ్ళమే. ఈసారి ధవళేశ్వరం నుంచి మొదలుపెట్టి గోదారి పక్కనే కిందకి దిగుతూ పాలకొల్లు, నరసాపురం, అక్కడ పంటు మీద గోదారి దాటి అవతల ఒక లంకలో ఉన్న చిన్న చర్చి దాకా వెళ్దాం అనుకున్నాం. బయల్దేరే ముందు ఆదివారం మా పాస్టరు అయ్యగారు ఒక స్టీలు డబ్బాలో చీటీలు వేసి తెచ్చారు. అబ్రాహాము, మోషే, దావీదు, పేతురు, పౌలు వీళ్ళ గురించి వారం వారం వింటూనే ఉన్నాం కదమ్మా, బైబిల్లో ఒక అధ్యాయంలోనో రెండు వచనాల్లోనో కనబడి వెళ్ళిపోయే వాళ్ళున్నారు, ఈ యాత్రకి వాళ్ళని తీసుకెళ్దాం, చీటీలో ఎవరొస్తే వాళ్ళ గురించి దారిలో ఒకచోట చెప్పాలి అన్నారు.

నాకు ఎబెద్మెలెకు వచ్చాడు. నిజం చెప్తున్నాను, చిన్నప్పట్నుంచి సండే స్కూల్లో పెరిగినదాన్ని, నాకు ఆ పేరు ఎక్కడుందో వెంటనే గుర్తురాలేదు. ఇంటికొచ్చి వెతికితే యిర్మీయా గ్రంథం 38వ అధ్యాయంలో దొరికాడు. యెరూషలేముని బబులోను వాళ్ళు ముట్టడించిన రోజులు, ప్రవక్త యిర్మీయా లొంగిపోండి బతుకుతారు అని చెప్తున్నాడని అధికారులకి కోపం వచ్చి ఆయన్ని తాళ్ళతో ఒక గోతిలోకి దించేశారు, అందులో నీళ్ళు లేవు, బురద, ఆయన ఆ బురదలో దిగబడిపోయాడు. రాజు సిద్కియా ఏం చేస్తాడు, మీ ఇష్టం అన్నాడు. అప్పుడు రాజు ఇంట్లో పనిచేసే ఒక కూషు దేశస్థుడు, నపుంసకుడు, పరాయివాడు, రాజు బెన్యామీను గుమ్మం దగ్గర కూర్చుని ఉంటే నేరుగా వెళ్ళి ఈ మనుషులు చేసింది తప్పు, ఆయన ఆకలితో చచ్చిపోతాడు అని చెప్పాడు. ఎబెద్మెలెకు అంటే అర్థం రాజు సేవకుడు అని, అంటే పేరుకి పేరు కూడా సరిగ్గా పేరులా లేదు. రాజు ముప్పైమందిని ఇచ్చి పైకి తియ్యమన్నాడు.

ఇక్కడిదాకా కథ నాకు లీలగా తెలుసు. తెలియనిది తర్వాత ఉంది. ఆయన నేరుగా గోతి దగ్గరకి పోలేదు, ముందు ఖజానా కింద గదికి వెళ్ళి చిరిగిపోయిన పాత బట్టలు, గుడ్డ పేలికలు ఏరుకొచ్చి, తాళ్ళతో కిందకి దించి, అయ్యా ఇవి చంకల కింద పెట్టుకోండి, తాడు వాటి మీదగా వేసుకోండి అని చెప్పాడు. రోజుల తరబడి తిండిలేక బురదలో ఉన్న మనిషి, తాడేసి లాగితే చంకల కింద చర్మం లేచిపోతుంది. ముప్పైమంది లాగేవాళ్ళున్నారు, తాళ్ళున్నాయి, రాజు ఆర్డరుంది, అయినా ఆ సంగతి తట్టింది ఒక్కడికే. నేను ఆ రాత్రి ఆ వచనం దగ్గరే ఆగిపోయాను.

అన్నట్టు మా అత్తయ్య గురించి ముందే చెప్పాలి. ఆవిడకి డెబ్బై ఎనిమిది, చాలా ఏళ్ళుగా ఆయాసానికి మందులు వాడి వాడి చర్మం ఉల్లిపొరలా అయిపోయింది, గట్టిగా పట్టుకుంటే చాలు కమిలిపోతుంది. వద్దత్తయ్యా అంటే వినలేదు, ఈ ఏడు కాకపోతే ఇంకే ఏడు వెళ్తానే అంది. ధవళేశ్వరంలో బస్సు దిగుతుంటే పడిపోతుందేమోనని మాలోనే ఒకాయన మంచి మనసుతోనే చెయ్యి పట్టుకుని ఆపాడు, పది నిమిషాల్లో ఆ నాలుగు వేళ్ళూ నల్లగా తేలాయి. ఆవిడ కొంగు కప్పేసుకుని పర్లేదు బాబూ అంది.

ధవళేశ్వరంలో ఆనకట్ట గట్టు మీద నిలబడితే గోదారి ఎంత వెడల్పో చెప్పలేం. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు, 1847లో మొదలై 1852కి అయిపోయింది, ఇప్పుడు కనబడేది తర్వాత కట్టిన బ్యారేజీ అనుకోండి. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహానికి మా వైపు ఊరూరా దండలు పడతాయి, పడాలి కూడా, ఆయన లేకపోతే మాకు ఈ వరి లేదు. 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి వచ్చిన బౌడెన్, బియర్ అనే ఇద్దరు మిషనరీలు నరసాపురం వైపు స్థిరపడి, ఈ ఆనకట్ట కట్టేటప్పుడు కూలీల మధ్యకి వచ్చి సువార్త చెప్పారు. మా బస్సులో ఉన్న పెద్దాయన ఒకాయన మా తాతల తాతలు ఇక్కడ రాళ్ళు మోశారని మా ఇంట్లో చెప్పుకుంటామమ్మా అన్నాడు. ఆయన చీటీలో వచ్చింది తెర్తియు. రోమా పత్రిక పౌలుది అంటాం కదా, పౌలు చెప్తుంటే చేత్తో రాసినాయన తెర్తియు, పదహారో అధ్యాయంలో ఒక్క వచనంలో నేను కూడా మీకు వందనాలు చెప్తున్నాను అని తన పేరు చెప్పుకుంటాడు, అంతే. పెద్దాయన ఎక్కువ మాట్లాడలేదు, నీళ్ళ వైపు చెయ్యి చూపించి ఒక్కో రాయీ ఎవరో ఒకరు ఎత్తారు కదండీ అన్నాడు.

అక్కణ్ణుంచి ఆత్రేయపురం మీదుగా వెళ్దామని పిల్లలు పూతరేకుల కోసం గోల చేశారు కానీ టైం లేదు. కాలవ పక్క రోడ్డు, దాళ్వా, అంటే రెండో పంట చేలు పచ్చగా, కొన్నిచోట్ల అప్పుడే వెన్ను పసుపు తిరుగుతోంది, మధ్యలో రొయ్యల చెరువులు, చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతూ.

ఒక చెరువు గట్టు పక్కన చింతచెట్టు నీడలో బస్సు ఆపి పులిహోర తిన్నాక రిస్పా చీటీ వచ్చినావిడ వంతు. ఆవిడ కొడుకు పోయిన సంగతి మాకందరికీ తెలుసు. చీటీ తీసిన రోజే అయ్యగారు మారుస్తానన్నా ఆవిడ ఒప్పుకోలేదు. కథ చెప్పలేకపోయింది, రెండో సమూయేలు 21 తీసి వచనాలు చదివి కూర్చుంది. దావీదుకి ముందు రాజు సౌలు చేసిన తప్పుకి బదులుగా అతని ఇంటి మగపిల్లలు ఏడుగుర్ని గిబియోనీయులకి అప్పగిస్తే కొండ మీద ఉరి తీశారు, అందులో ఇద్దరు రిస్పా కొడుకులు. పాతిపెట్టే వాళ్ళు లేరు. ఆ తల్లి గోనెపట్టా పరుచుకుని కోతలు మొదలైన దగ్గర్నుంచి వానలు పడేదాకా అక్కడే ఉంది, పగలు పక్షుల్ని రాత్రి అడవి జంతువుల్ని వాళ్ళ మీద వాలనీయకుండా. మా లెక్కలో చెప్పాలంటే దాళ్వా కోతల నుంచి తొలకరి దాకా, ఆ ఎండల్లో, బయట. ఆవిడ దేవుడితో ఏమందో రాజుని ఏమడిగిందో ఒక్క ముక్క కూడా రాసి లేదు. కానీ ఆ సంగతి దావీదు చెవిన పడ్డాక ఆయన కదిలాడు, సౌలు ఎముకలూ అతని కొడుకు యోనాతాను ఎముకలూ తెప్పించి, వీళ్ళ ఎముకలు కూడా ఏరించి పాతిపెట్టించాడు, ఆ తర్వాతే దేశం కోసం చేసిన మనవి దేవుడు విన్నాడని ఉంది. ఎవరం ఏమీ అనలేదు. అత్తయ్య లేచెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది, అంతే.

పాలకొల్లు దాటి నరసాపురం చేరేసరికి సాయంత్రం. ఇక్కడ ఆడవాళ్ళ చేతుల్లో లేసు పుడుతుంది, మిషనరీలు నేర్పిన అల్లిక, ఇప్పుడు ఊళ్ళకి ఊళ్ళు అరుగుల మీద కూర్చుని అల్లుతారు, 2024లో నరసాపురం లేసుకి జీఐ ట్యాగ్, అంటే ఊరి పేరు మీద ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది. మాతో వచ్చినవాళ్ళలో ఒకామెకి నలభై ఏళ్ళుగా అదే పని, బస్సులో కూడా దారం ఉండ ఒళ్ళో పెట్టుకుని క్రోషా సూది ఆడిస్తూనే ఉంది. ఆమెకి దొర్కా వచ్చింది, అపొస్తలుల కార్యాలు తొమ్మిదిలో, యొప్పేలో. దొర్కా మరీ అంత తెలియని మనిషేం కాదు, స్త్రీల సమాజాలకి ఆ పేరే పెడతారు, కానీ ఈమె చెప్పిన మాట నేనెక్కడా వినలేదు. దొర్కా చనిపోయాక విధవరాళ్ళందరూ ఏడుస్తూ పేతురుకి ఆవిడ కుట్టిన అంగీలు, బట్టలు చూపించారు కదండీ, ఎందుకు చూపించారో నాకు తెలుసు అంది. ఒక లేసు ముక్క చూస్తే అది ఎవరల్లారో నేను చెప్పేస్తానండి, ఒకరి ముడి బిగువు, ఒకరిది వదులు, ఒకరు మూల దగ్గర ఒక కన్ను ఎక్కువేస్తారు, మనిషి పోయినా ఆ చెయ్యి బట్టలో ఉంటదండి, ఇదిగో ఈ కుట్టు ఆవిడదేనయ్యా అని చూపించుకున్నారు వాళ్ళు. అంటూ తన ఒళ్ళో ఉన్న ముక్కని వేళ్ళతో సాగదీసి చూపించింది, మధ్యలో ఒక చోట దారం కాస్త మాసి ఉంది, ఆ వేలి దగ్గర చర్మం కాయ కాసి గట్టిపడి ఉంది.

ఆ రాత్రి మిషన్ కాంపౌండులో పడుకుని పొద్దున్నే పంటు రేవుకి వెళ్ళాం. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద దాటాలి, బైకులు, ఆటోలు, కొబ్బరి బోదెలు, పాలక్యాన్లు, మనుషులు అందరూ ఒకే చెక్క మీద. వశిష్ఠ, అంటే ఈ గోదారి పాయ, అక్కడ సముద్రానికి దగ్గర, ఎండాకాలం నీళ్ళు ఉప్పగా ఉంటాయి. పంటు మీదే నయమాను ఇంటి పిల్ల గురించి చెప్పింది మా వీధి ఆమె, పదకొండేళ్ళు కువైట్లో ఇంటి పనికి వెళ్ళొచ్చింది. మా వైపు ఇంటికొకరు అలా వెళ్ళినవాళ్ళే. రెండో రాజులు ఐదులో సిరియా సైన్యం దోపిడీకి వచ్చి ఇశ్రాయేలు నుంచి ఒక చిన్నపిల్లని పట్టుకుపోయి సైన్యాధిపతి నయమాను భార్యకి పనిమనిషిగా పెట్టారు. పేరు లేదు. ఆ యజమానికి కుష్ఠు. మా దొర సమరయలో ఉన్న ప్రవక్త దగ్గరకి వెళ్తే బాగుణ్ణు అన్నది ఆ పిల్ల, అంతే, తర్వాత గుర్రాలూ రథాలూ వెండీ బంగారం ఆ ప్రవక్త ఎలీషా చెప్పినట్టు యొర్దాను నదిలో ఏడు మునకలు అన్నీ జరుగుతాయి, పిల్ల మళ్ళీ కనబడదు.

ఆమె అంది, నేను వెళ్ళిన కొత్తలో రోజూ ఏడ్చేదాన్ని, పాస్‌పోర్ట్ వాళ్ళ దగ్గర, మా పాప ఇక్కడ. వాళ్ళ ముసలమ్మకి పక్షవాతం, అన్నీ మంచం మీదే. ఒకరోజు ఆవిడకి వీపు తుడుస్తుంటే నాకు ఈ పిల్ల గుర్తొచ్చింది. వీళ్ళు నన్ను ఇంటినుంచి విడదీసినవాళ్ళు కదా, ఈ రోగం మంచిదే అనుకోవచ్చు కదా ఆ పిల్ల, అనుకోలేదు. అప్పట్నుంచి ముసలమ్మకి నీళ్ళు వెచ్చబెట్టి తుడిచేదాన్ని అక్కా, అప్పటిదాకా చన్నీళ్ళతో తుడిచేసేదాన్ని. పంటు ఇంజన్ చప్పుడులో సగంమందికి వినబడలేదు, నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను. నరసాపురంలో బెతెస్ద కుష్ఠు ఆసుపత్రి గురించి అయ్యగారు చెప్తానన్నారు గానీ ఆమె మాట తర్వాత ఆయనా ఊరుకున్నారు.

అవతల బర్జిల్లయి గురించి కూడా ఒకరు చెప్పారు, కొడుకు తరిమితే పారిపోతున్న దావీదుకి మహనయీములో పరుపులు, గిన్నెలు, గోధుమలు, చిక్కుడుకాయలు, తేనె తెచ్చిచ్చిన ఎనభై ఏళ్ళ ముసలాయన. 96 తుపానులో కోనసీమ కొబ్బరి చెట్లన్నీ పడిపోయాక చర్చిలో తలదాచుకున్నవాళ్ళకి ముందు కావాల్సింది ప్రసంగం కాదమ్మా, పొడి చాప, వేడి గంజి అన్నారు ఆ కథ చెప్పినాయన. తర్వాత దావీదు నాతో వచ్చెయ్ రాజుగారి బల్ల దగ్గర కూర్చో అంటే బర్జిల్లయి నాకు రుచీ తెలీదు పాటా వినబడదు, మా ఊళ్ళో మా అమ్మానాన్నల సమాధి దగ్గరే చచ్చిపోతాను అని వెనక్కి వెళ్ళిపోతాడు, నాకు ఆ మాట భలే ఇష్టం.

లంకకి వెళ్ళాలంటే మళ్ళీ చిన్న పడవ. మేం చేరేసరికి పాటు, నీళ్ళు లాగేసి రేవు మెట్లకి పదడుగుల దూరం బురదే మిగిలింది. అందరూ చెప్పులు చేత్తో పట్టుకుని చీరలెత్తుకుని దిగిపోయారు, బురద మోకాళ్ళ దాకా. అత్తయ్య పడవలో కూర్చుండిపోయింది. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ఎత్తుకుంటాం మామ్మగారూ అని చెరోపక్క చంకల్లో చేతులెయ్యబోయారు. నేను బురదలో దిగబడి అటు తిరగలేక వద్దు వద్దు అని అరుస్తున్నాను. పడవ నడిపే ఆయన, అప్పటిదాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడనివాడు, క్రైస్తవుడు కూడా కాదు, నుదుటిన బొట్టుంది, ఆగండ్రా అన్నాడు. ఆవిడ చెయ్యి మీద నిన్నటి కమిలిన మచ్చ చూసినట్టున్నాడు. భుజం మీద కండువా తీసి రెండుగా చించేశాడు, చించేశాడంటే నిజంగానే చించేశాడు, ఒక్కో ముక్కనీ నాలుగు మడతలు పెట్టి ఆవిడ రెండు చంకల కిందా పెట్టి, ఇప్పుడు పట్టుకోండి, వేళ్ళతో కాదు, అరచేత్తో అన్నాడు. నెమ్మదిగా మోసుకొచ్చి మెట్టు మీద కూర్చోబెట్టారు.

అత్తయ్య ఆ ముక్కలు తీసి ఉతికిస్తాను బాబూ అంది. ఎందుకమ్మా అని తీసుకుని నీళ్ళలో జాడించి పిండి, ఒకటి తలకి చుట్టుకుని రెండోది పడవ అంచున ఆరేసుకున్నాడు.

సాయంత్రం చర్చిలో నా వంతు. తాటాకు పందిరి, ఒక ట్యూబ్‌లైటు, లంకవాళ్ళు ఓ ముప్పైమంది. నేను రాసుకున్నదంతా చెప్పాను, గోయి, తాళ్ళు, పేలికలు. ఒక్కటి మాత్రం అప్పటికప్పుడు కలిపాను, యిర్మీయా 39 చివర్లో ఉన్నది. పట్టణం పడిపోకముందే దేవుడు ఎబెద్మెలెకుకి కబురు పంపుతాడు, అది పడిపోయే రోజున నీ ప్రాణం దక్కుతుంది, ఎందుకంటే నువ్వు నన్ను నమ్ముకున్నావు అని. నేను 38 మళ్ళీ మళ్ళీ చూశాను, అందులో ఆయన ప్రార్థన చేసినట్టు లేదు, సాక్ష్యం చెప్పినట్టు లేదు. రాజు దగ్గరకి వెళ్ళాడు, గుడ్డలు ఏరాడు, చంకల కింద పెట్టుకోమన్నాడు. దాన్నే దేవుడు నన్ను నమ్ముకున్నావు అన్నాడు. ఇది చెప్తుంటే నాకు గొంతు పట్టేసింది. వెనక గుమ్మం దగ్గర పడవాయన నిలబడి ఉన్నాడు, మమ్మల్ని తిరిగి దాటించాలి కదా, పోటు కోసం ఆగాడు.

రాత్రి పదిన్నరకి ఇవతలికి వచ్చాక అత్తయ్యకి ఒళ్ళు నొప్పులంటే కొబ్బరినూనె వెచ్చచేసి రాశాను. చెయ్యి మీద ధవళేశ్వరం మచ్చ ఇంకా నల్లగానే ఉంది. జాకెట్టు వదులు చేసి టార్చ్ వేసి చంకల కింద చూశాను, ఎక్కడా కమల్లేదు.