తల దించుకుని దారి చెప్పేవాడు

కార్ల ర్యాలీ శనివారం మొదలవుతుందని మిత్రులు చెబుతూనే ఉన్నా తేదీ సరిగా చూసుకోకుండా సెలవు పెట్టేసి, బుధవారం మధ్యాహ్నానికే చిక్కమగళూరు బస్టాండులో దిగిన ఘనత నాది. బెంగళూరు దాకా ప్రైవేటు స్లీపరులో పండగ రోజుల ఛార్జీ ఇచ్చుకున్నాను. అక్కడి మెజెస్టిక్ బస్టాండు నుంచి హాసన్ మీదుగా ఎర్రబస్సులో మరో ఐదు గంటలు కూర్చున్నాను. తీరా ఊళ్లో లాడ్జీకి వెళితే, బల్ల మీద పదిహేను వందలని అచ్చువేసి ఉన్న గదికి మూడువేల రెండువందలు అడిగారు. అదేమిటని అంటే ర్యాలీ వారమన్నారు. ర్యాలీకి ఇంకా మూడు రోజులుంది కదా అన్నాను. వచ్చినవారికి వచ్చిన రోజు నుంచే ర్యాలీ అన్నాడు కౌంటరులో కుర్రవాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేక, ఊరికి దూరంగా ఒక కాఫీ ఎస్టేట్ పక్కన ఉన్న ఇంట్లో తక్కువ అద్దెకు గది తీసుకున్నాను. ఆటోకు మాత్రం అందులో సగం పోయింది.

మర్నాడు ఉదయం ఎస్టేట్ మలుపు దగ్గరి చిన్న హోటల్లో కాఫీ తాగుతూ ఉండగా, మట్టిదారి మీద మామూలు కార్లు ఒకదాని వెనక ఒకటి ఎడ్లబండ్ల వేగంతో పోవడం చూశాను. ప్రతి కారులోనూ ఇద్దరేసి ఉన్నారు. స్టీరింగు పట్టుకున్నవాడు ఏదో గొణుగుతున్నాడు, పక్కవాడు ఒళ్లో పుస్తకం పెట్టుకుని తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు. రోడ్డు వెడల్పు చేయడానికి సర్వేకి వచ్చినవారై ఉంటారని నేను పక్కబల్ల పెద్దమనిషితో అన్నాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వాడు.

“సర్వేవాళ్లనుకొంటివా అప్పా? వాళ్లు రేస్ వాళ్లు. దారిని పుస్తకంలోకి ఎక్కిస్తా ఉండారు.”

ఆయన తెలుగు కోలారు తెలుగు. పుట్టింది కోలారు పక్క పల్లెలో అయినా, పాతికేళ్లుగా ఈ ఎస్టేట్‌లో రైటరుగా పని చేస్తున్నాడు. కూలీల హాజరు, పండు తూకం, ఎరువుల లెక్క రాసే ఉద్యోగిని కాఫీ తోటల్లో రైటర్ అంటారు. ఆ ఉద్యోగానికి ముందు ఆయన ఎనిమిదేళ్లపాటు దక్షిణాది ర్యాలీల్లో డ్రైవరు పక్కన, దారి రాసి చదివి చెప్పే కో-డ్రైవరుగా కూర్చున్నాడట. అంటే అప్పుడూ రాతకోతల పనే. నా ప్రయాణంలో తరువాతి రెండు రోజులూ ఆయన చుట్టూనే తిరిగాయి కనుక, ముళ్లయ్యనగిరి, బాబా బుడన్‌గిరి వంటి చోట్ల గురించి తెలుసుకోవాలనుకునేవారు నన్ను మన్నించాలి. అక్కడికి నేను వెళ్లనే లేదు.

నేను చూసిన తంతును రెకీ అంటారు. పోటీ జరిగే దారి మీద పోటీకి ముందు, మామూలు కారులో, నిర్వాహకులు పెట్టిన వేగపరిమితికి లోబడి నడిపే పరిశీలన అది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సైతం ఒక్కొక్క దారి మీద ఒక్కొక్క జట్టుకు దక్కేవి రెండే చుట్లు. మొదటి చుట్టులో డ్రైవరు తన కంటికి దారి ఎలా కనబడుతున్నదో పైకి చెబుతాడు, కో-డ్రైవరు తన పొడి అక్షరాల్లో రాసుకుంటాడు. రెండో చుట్టులో కో-డ్రైవరు అదే తిరిగి చదువుతాడు, డ్రైవరు వింటూ దిద్దుతాడు. ఇలా తయారైనదే పేస్ నోట్స్. పోటీ రోజున దుమ్ములో, మిట్టల మీద, చెట్ల మధ్య ముందేముందో కనబడనప్పుడు డ్రైవరు నమ్ముకునేది ఆ మాటలనే.

రైటరు గదిలో గోడ అలమారలో పాత నోటు పుస్తకాలు ఇంకా ఉన్నాయి. పైకి తిప్పే తీగచుట్టల పుస్తకాలు, పేజీకి ఆరేడు వరుసలకు మించకుండా పెన్సిలుతో రాసినవి. పెన్నుతో ఎందుకు రాయలేదని అడిగితే, ఒక పుస్తకం తెరిచి నీళ్లు పడి ఉబ్బిన పేజీ చూపించాడు. కాగితం పాడైంది గాని అక్షరం చెదరలేదు. దిద్దుబాటుకు రబ్బరు చాలు. ప్రతి పేజీ కింది మూల చిన్నగా మడిచి ఉంది. గ్లవ్ తొడిగిన వేలికి ఒకే కాగితం అందాలి, రెండు కలిసి తిరిగితే ఒక పేజీ దారి మాయమైనట్టే. ఆ పేజీ మీది ఒక వరుస ఆయన చదివి వినిపించాడు: “రైట్ ఫోర్, ఫిఫ్టీ, క్రెస్ట్, ఇంటూ లెఫ్ట్ త్రీ, డోంట్ కట్.” అంటే కుడికి నాలుగో రకం మలుపు, దాటాక యాభై మీటర్లు తిన్నగా, తరువాత మిట్ట, మిట్ట దిగీదిగగానే ఎడమకు మూడో రకం మలుపు, దాని లోపలి అంచును కోసుకుంటూ పోవద్దు అని. అంచున బండరాయో, గట్టు తెగిన కాలువో ఉన్నదన్నమాట. ప్రమాదం మరీ ఎక్కువైతే ఆశ్చర్యార్థకాలు వేస్తారు, ఒకటి, రెండు, మూడు. మూడు ఉన్న వరుస దగ్గర ఆయన వేలు కాసేపు ఆగింది. కారణం నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

ఈ అంకెల దగ్గరే అసలు తగాదా. ఆయన పుస్తకంలో ఒకటి అంటే బాగా ముడుచుకున్న మలుపు, ఆరు అంటే దాదాపు తిన్నని దారి. కొందరు దీనికి తలకిందులుగా లెక్కిస్తారు. కొందరు అంకెను గేరుకు గుర్తుగా వాడతారు, ఇంకొందరు అంకెలే వద్దని ఫాస్ట్, మీడియం, స్లో అని మాటల్లో చెప్పించుకుంటారు. మన రైటరు మాత్రం అంకె మలుపు ఆకారాన్నే చెప్పాలి గాని వేగాన్ని చెప్పకూడదని పట్టుదలగా వాదించాడు. “వాన పడినా మలుపు మారదప్పా. మూడో గేరు మలుపు మటుకు రెండో గేరుది అయిపోతాది. అప్పుడు పుస్తకమంతా అబద్ధమే కదా?” నాకు ఆ వాదన నచ్చింది. మెల్లగా పోతున్నప్పుడు ప్రతి మలుపూ ఉన్నదానికంటే విశాలంగా కనబడుతుందనీ, రెకీలో నాలుగని రాసుకున్నది పోటీ వేగంలో మూడని తెలిసేసరికి కారు కాఫీ మొక్కల్లో ఉంటుందనీ కూడా ఆయన చెప్పాడు.

ఆ సాయంత్రం ఆయన మళ్లీ మళ్లీ చెప్పిన కథ 1955 మే 1 నాటిది. ఇటలీలో బ్రెషియా నుంచి రోముకు వెళ్లి తిరిగి రావలసిన మిల్లే మిల్యా కార్ల పందెంలో బ్రిటిష్ రేసు డ్రైవరు స్టిర్లింగ్ మాస్ పక్కన డెనిస్ జెన్కిన్సన్ అనే గడ్డపు జర్నలిస్టు కూర్చున్నాడు. అంతకుముందే దారంతా తిరిగి రాసుకున్న గుర్తులను సుమారు 18 అడుగుల కాగితపు చుట్టగా చేసి, అల్యూమినియం పెట్టెలో బిగించి, పారదర్శకపు కిటికీ గుండా చూస్తూ చుట్టను తిప్పుతూ పోయాడు. ఇంజను హోరులో మాట వినబడదు కనుక అన్నీ చేతి సైగలే. 7 గంటల 22 నిమిషాలకు బయలుదేరారు కనుకనే కారు మీద 722 అని వేశారు. సుమారు 1600 కిలోమీటర్లను 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో ముగించి గెలిచారు. దారిలో జెన్కిన్సన్ వాంతి చేసుకుంటూ పక్కకు వంగితే గాలికి కళ్లద్దాలు ఎగిరిపోయాయట, జేబులో ఇంకో జత ఉండబట్టి పరువు దక్కింది. రైటరుకు ఈ కథలో గెలుపు కంటే ఆ రెండో జత కళ్లద్దాలే ఎక్కువ ఇష్టం. కదిలే బస్సులో ఫోను చూస్తేనే కడుపులో తిప్పే నాకు మాత్రం ఆ వాంతి దగ్గరే మనసు ఆగిపోయింది. ఇంత పాత పద్ధతి అయినా బ్రిటన్‌లోని ఆర్‌ఏసీ ర్యాలీలో 1990 దాకా పేస్ నోట్స్‌కు అనుమతి లేదనీ, అక్కడ అందరూ తెలియని అడవిలోకి గుడ్డిగా దూసుకుపోయేవారనీ కూడా ఆయనే చెప్పాడు.

శుక్రవారం ఉదయం రైటరు తన పాత జిప్సీ జీపు తీశాడు. పోటీ దారి మీదికి బయటివారు పోకూడదు కనుక, పక్క ఎస్టేట్‌లో పండు మోసే ట్రాక్టర్లు తిరిగే నాలుగు కిలోమీటర్ల మట్టిదారికి తీసుకుపోయాడు. అటూ ఇటూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పాకిన మిరియపు తీగలు, కింద ఎర్రబడుతున్న కాఫీ పండ్లు. తెల్లవారుజామున వాన పడి ఎర్రమట్టి సబ్బులా జారుతున్నది. మొదటి చుట్టు ఆయన చెబుతుంటే నేను రాశాను. తెలుగులో రాస్తానని మొండికేశాను. ఆయన వారించలేదు, నవ్వి ఊరుకున్నాడు.

రెండో చుట్టులో నేను చదవాలి, ఆయన నడపాలి. వేగం ముప్పై దాటలేదు. మొదటి మూడు మలుపులు కళ్లతో చూస్తూ చదివాను కనుక అన్నీ మలుపులోకి దిగాకే చెప్పాను. “చేతులు కాలినాక ఆకులు పట్టుకొని ఏం చేస్తావప్పా? దారి చూడొద్దు, పుస్తకం చూడు” అన్నాడు. ఆ మాటకు జంకి, తరువాతి నాలుగు వరుసలు ఒక్క గుక్కలో చదివేశాను. ఆయన మొదటి రెండూ చేసి, మూడోది మరిచిపోయానని జిప్సీని ఆపేశాడు. ఈ మలుపులో ఉండగా వచ్చే మలుపు చెప్పాలి, అంతకుముందూ కాదు, ఆ తరువాతా కాదు. తెలుగు పట్టుదల కూడా అక్కడే సడలింది. “ఎడమ నాలుగు” అనేలోపు “లెఫ్ట్ ఫోర్” రెండుసార్లు అనవచ్చు. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది, నా భాషాభిమానం ఖరీదు అన్ని మీటర్లు. ఆయన మాత్రం రాజీ చెప్పాడు: “ఎడ నాల్గు అను, సరిపోతాది. డ్రైవరుకు తెలిస్తే చాలు, పండితులకు తెలియనక్కర లేదు.”

తల దించుకుని చదివేవాడికి తాను ఏ వరుసలో ఉన్నాడో ఎలా తెలుస్తుంది? ఇదే నన్ను వేధించిన ప్రశ్న. కూర్చున్న చోటుతో తెలుస్తుందన్నాడు. మలుపులో ఒళ్లు ఏ వైపు ఒరిగింది, మిట్ట మీద కడుపు ఎప్పుడు తేలింది, బ్రేకు ఎంతసేపు పడింది అన్నవి పుస్తకంలోని వరుసలతో ఒళ్లే సరిచూసుకుంటుందట. నేను మూడో పేజీలో తప్పిపోయాను. ఏం చెప్పాలో తెలియక మౌనంగా కూర్చుంటే, ఆ రెండు రోజుల్లో ఒకే ఒక్కసారి ఆయన గొంతు పెంచాడు. “పోయింది అని చెప్పు! తప్పిపోతే తప్పు కాదు, చెప్పకుంటే తప్పు.” డ్రైవరు తన కళ్లను నమ్ముకోవడం మొదలుపెట్టాలంటే, ఇక పుస్తకం లేదన్న సంగతి ఆ క్షణమే తెలియాలి కదా.

నాకు మా నాన్న లారీ గుర్తుకొచ్చింది. మార్కాపురం నుంచి దోర్నాల ఘాటు మీదుగా శ్రీశైలం పక్కకు సరుకు వేసుకుపోయేటప్పుడు, వేసవి సెలవుల్లో నన్నూ క్యాబిన్‌లో కూర్చోబెట్టుకునేవాడు. పొగమంచు పట్టిన తెల్లవారుజామున క్లీనరు ఎడమ తలుపులోంచి నడుము దాకా బయటికి వంగి, రేకు మీద అరచేత్తో కొడుతూ “రానీ రానీ, గుంత ఉంది, కుడికి కొట్టు, పోనీ” అని అరిచేవాడు. రేకు మీద రెండు దెబ్బలంటే పోనిమ్మని, ఒక్క దెబ్బంటే ఆగమని. మా నాన్న అతడి వైపు ఒక్కసారైనా తిరిగి చూసేవాడు కాదు. జీతం దగ్గర మాత్రం క్లీనరుది డ్రైవరుదానిలో మూడో వంతు కూడా ఉండేది కాదు. ఈ సంగతి చెబితే రైటరు పెద్దగా ఆశ్చర్యపోలేదు. 2013, 2016, 2017ల్లో ఆసియా పసిఫిక్ ర్యాలీ ఛాంపియన్ అయి, 2019లో అర్జున అవార్డు అందుకున్న గౌరవ్ గిల్ పేరు పత్రికలు చదివేవారికి తెలుసు. మన దేశపు ర్యాలీల్లో అతడి పక్కన కూర్చున్న మూసా షరీఫ్ పేరు ఎందరికి తెలుసునని అడిగాడు. నాకూ ఆ వారం దాకా తెలియదు.

కో-డ్రైవరు పని చదవడంతో అయిపోదు. ఒక పోటీ దారి నుంచి ఇంకోదానికి మామూలు రోడ్డు మీద వెళ్లి, టైమ్ కార్డు మీద ముద్ర సరిగ్గా ఆ నిమిషానికే వేయించుకోవాలి. అంతర్జాతీయ నియమాల ప్రకారం నిమిషం ఆలస్యానికి జరిమానా 10 సెకన్లయితే, నిమిషం ముందుగా వెళ్లినందుకు 60 సెకన్లు. ఆ లెక్కన మూడు రోజులు ముందొచ్చిన నాకు లాడ్జీవాడు వేసిన జరిమానా తక్కువేనని సరిపెట్టుకున్నాను.

శనివారం ర్యాలీ చూశాను. టేపు వెనక మూడు గంటలు నిలబడితే ఒక్కొక్క కారు కనబడింది మూడు సెకన్లే, మిగిలినదంతా దుమ్మూ జలగలూను. అందరూ చక్రాల వైపు చూస్తుంటే నేను ఎడమ కిటికీ వైపే చూశాను. హెల్మెట్ దించుకుని ఉంది, ఒక బొటనవేలు పేజీ మూల మీద ఉంది, కారు గాలిలోకి లేచి పడినా ఆ తల పైకి లేవలేదు.

తిరుగు ప్రయాణం మంగళూరు మీదుగా పెట్టుకున్నాను. బస్టాండు పక్క దుకాణంలో తీగచుట్టల పుస్తకానికి తొంభై రూపాయలు తీసుకున్నారు, మా ఊళ్లో నలభైకి వస్తుంది. కొట్టిగెహార దాటి చార్మాడి ఘాటు మొదలవగానే ముందు సీటులో కూర్చుని బస్సు దారికి నోట్స్ రాయడం మొదలుపెట్టాను. కుడి రెండు, ఎడ ఒకటి, లారీ, కుడి మూడు అంటూ ఒకటిన్నర పేజీ నిండింది. ఇంజను పక్కన నిలబడిన కండక్టరు అంతసేపూ నన్నే చూస్తున్నాడని నాకు తెలియదు. ముందు పెద్ద హెయిర్‌పిన్ ఉందని కన్నడంలో చెప్పి, నేను అడగకముందే ఒక ప్లాస్టిక్ కవరు చేతిలో పెట్టి, పుస్తకం తీసి పక్కన పెట్టాడు. మలుపు ఆ తరువాత వచ్చింది.