ముందు వైరు చూడండి, తర్వాతే పార్టు కొనండి

సెకండ్ హ్యాండ్‌లో లగ్జరీ కారు కొన్నవాళ్లందరికీ ఒక జబ్బు పట్టుకుంటుంది. కొన్నాళ్లు బానే ఉంటుంది, తర్వాత ఎక్కడో అదే మోడల్ టాప్ వేరియంట్ వీడియో కనపడుతుంది, అక్కణ్ణించి మన బండిలో ఏమేం లేవో లెక్కపెట్టుకోవడం మొదలు. నాది 2013 బీఎండబ్ల్యూ 320డీ, ఎఫ్30 అంటారే ఆ తరం, ఏపీ 09 నంబరు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ వంక పెట్టే పని లేదు. కానీ మొదటి ఓనరు కింది వేరియంట్ తీసుకున్నాడు కాబట్టి రివర్స్ కెమెరా లేదు, పెట్టిన వేగాన్ని తనే పట్టి ఉంచే క్రూజ్ కంట్రోల్ లేదు, అద్దాలు వాటంతటవి మడుచుకోవు. గుడివాడ నుంచి మా మామగారు వచ్చినప్పుడు, మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేను దిగి రెండు వైపులా అద్దాలు చేత్తో మడవడం చూసి "ఏం అల్లుడుగారూ, ఇంత బండికీ ఇదేనా" అన్నారు. ఆయన మామూలుగానే అన్నారు. నాకే గుచ్చుకుంది.

షోరూమ్‌లో అడిగితే వచ్చే సమాధానం మీకు తెలిసిందే, "మీ వేరియంట్‌లో ఆ ఫీచర్ రాదు సార్". అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. బయట యాక్సెసరీ షాపులో అడిగితే "అన్నీ అయిపోతాయి సార్, సాయంత్రానికి తీసుకెళ్లండి" అంటారు. నన్నడిగితే ఆ రెండో మాటకే ఎక్కువ భయపడాలి.

డబ్బు తీసే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. మీ బండి ఛాసిస్ నంబర్‌లో చివరి ఏడు అక్షరాలు తీసుకెళ్లి ఛాసిస్ నంబర్ చదివి చెప్పే ఏదైనా బీఎండబ్ల్యూ విన్ డీకోడర్ సైట్‌లో కొట్టండి. బండి ఫ్యాక్టరీలో ఎప్పుడు తయారైంది, అందులో ఏయే ఆప్షన్లు పెట్టారు అన్నదంతా కోడ్‌ల రూపంలో వచ్చేస్తుంది. 3ఏజీ అంటే రివర్స్ కెమెరా. 508 అంటే ముందూ వెనకా పార్కింగ్ సెన్సర్లు. 540 మామూలు క్రూజ్, 544 అవసరమైతే తనే బ్రేక్ వేసే క్రూజ్. 430 అంటే అద్దాల ప్యాకేజీ, 610 ముందు అద్దం మీదే వేగం చూపించే హెడ్-అప్ డిస్‌ప్లే, 494 సీట్ హీటింగ్. ఆ లిస్టును ప్రింట్ తీసి గ్లవ్ బాక్స్‌లో పెట్టుకున్నా తప్పులేదు. అమ్మేవాడు "ఫుల్లీ లోడెడ్ సార్" అన్నప్పుడు ఆ కాగితం చాలా ఉపయోగపడుతుంది. ముఖ్యంగా ఢిల్లీ నుంచి వచ్చిన బండ్ల విషయంలో. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు అక్కడ తిరగకూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు కూడా సమర్థించాక, ఇలాంటి బండ్లు ఎన్‌ఓసీ తీసుకుని దక్షిణాదికి బాగా దిగాయి. వాటిలో సగం వాటికి స్టీరింగ్ ఒక వేరియంట్‌ది, బంపర్ ఇంకో వేరియంట్‌ది, వెనకాల అంటించిన బ్యాడ్జి మూడోదానిది.

లిస్టు చూశాక రావాల్సిన ప్రశ్న: వైరుందా?

చాలామంది అనుకునేది ఏంటంటే, కంపెనీ అన్ని బండ్లకీ ఒకే వైరింగ్ వేస్తుంది, లేని ఫీచర్‌కి పార్టు తెచ్చి ప్లగ్ పెట్టేస్తే అయిపోతుంది అని. చవక కార్లలో చాలాసార్లు అది నిజమే, డ్యాష్‌బోర్డు విప్పితే వాడని కనెక్టర్ ఒకటి టేపు చుట్టుకుని వేలాడుతూ ఉంటుంది. జర్మన్ లగ్జరీ బండ్లలో కథ వేరు. అక్కడ ఆప్షన్లు ఎన్నో, వాటి కాంబినేషన్లు ఎన్నో, అన్నింటికీ సరిపోయే ఒకే హార్నెస్ (వైర్ల కట్ట) వేస్తే రాగి ఖర్చూ పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. అందుకని ఏ బండికి ఏ ఆర్డర్ ఉందో దాన్నిబట్టే హార్నెస్ కట్టిస్తారు. ఆర్డర్‌లో కెమెరా లేకపోతే కెమెరా వైరు కూడా ఉండదు. మా ఎలక్ట్రీషియన్ భాయ్ బూట్ లైనింగ్ ఊడదీసి లోపలికి టార్చ్ కొట్టి చూసి రెండే ముక్కలు చెప్పాడు: "అన్నా, వైరే లేదు ఇండ్ల. ఏదో ఒక లైన్ కోసి కలిపితే నడుస్తది గానీ నేనైతే చెయ్య." ఆ ఒక్క మాటతో ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

అందుకే నేను ముందు క్రూజ్ పెట్టుకున్నాను, దానికి కొత్త వైరే అక్కర్లేదు. ఆలోచించండి, క్రూజ్ కంట్రోల్‌కి కావాల్సింది ఏంటి? చక్రాల వేగం ఏబీఎస్ సెన్సర్లు ఎప్పుడూ చెబుతూనే ఉంటాయి. యాక్సిలరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య తీగ లేదు, అంతా కంప్యూటరే. బ్రేక్ వేసే మాడ్యూల్, అంటే ఆ పని చూసే చిన్న కంప్యూటర్, ఎలాగూ బండిలో ఉంది. అంటే కంపెనీ ఆపేసింది స్టీరింగ్ మీది నాలుగు బటన్లు, సాఫ్ట్‌వేర్‌లో ఒక లైను. ఆ బటన్లు కూడా స్టీరింగ్ లోపల ముందే ఉన్న డేటా లైన్ మీదే మాట్లాడతాయి కాబట్టి ఎడమవైపు బటన్ సెట్ మార్చితే చాలు.

చాలు అన్నాను గానీ, దానికోసం ఎయిర్‌బ్యాగ్ విప్పాలి, టెన్షన్ అంతా అక్కడే. బ్యాటరీ నెగటివ్ తీసేసి కాసేపు వదిలేయాలి, లోపల నిలవ ఉన్న కరెంటు పోవాలి కదా. తర్వాత స్టీరింగ్ వెనకాల చిన్న రంధ్రం ఉంటుంది, అందులో సన్నటి స్క్రూడ్రైవర్ పెట్టి లోపలి స్ప్రింగ్‌ని నొక్కితే ఎయిర్‌బ్యాగ్ టక్కున ముందుకు ఊడి వస్తుంది. ఆ చప్పుడుకి మొదటిసారి ఎవడికైనా గుండె జారుతుంది. వెనక ప్లగ్‌లు మెల్లగా లాగి, ఎయిర్‌బ్యాగ్‌ని లోగో పైకి ఉండేలా పక్కన పెట్టాలి, బోర్లా పెట్టకూడదు, పొరపాటున పేలితే అది రాకెట్‌లా పైకి లేస్తుంది. ఇక్కణ్ణించి పాత బటన్లు తీసి కొత్తవి పెట్టడం పెద్ద పనేం కాదు. ఇది రోడ్డు పక్కన, ఎండలో నిలబడి చేయించుకునే పని మాత్రం కాదు.

బటన్లు బిగించి బండి స్టార్ట్ చేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. నొక్కితే పలకదు. ఎందుకంటే తనకు క్రూజ్ ఉన్న సంగతి బండికి ఇంకా తెలియదు. ఎఫ్30లో బండి తన ఆర్డర్ షీట్‌ని తన దగ్గరే దాచుకుంటుంది, దాన్ని ఎఫ్‌ఏ అంటారు. ముందు వైపు ఫెమ్ అనే మాడ్యూల్‌లో ఒక కాపీ, వెనక రెమ్ అనే మాడ్యూల్‌లో ఇంకో కాపీ. బండికీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఎనెట్ కేబుల్ తగిలించి, ఈ-సిస్ సాఫ్ట్‌వేర్‌తో ఆ షీట్ తెరిచి, 544 అని చేర్చి, రెండు చోట్లా రాసి, సంబంధిత మాడ్యూళ్లన్నింటినీ కొత్త షీట్ ప్రకారం మళ్లీ కోడ్ చేయాలి. ఇదంతా అయ్యేదాకా బ్యాటరీకి మంచి ఛార్జర్ తగిలించి వోల్టేజి పడిపోకుండా చూసుకోవాలి, మధ్యలో వోల్టేజి పడిపోతే మాడ్యూల్ చచ్చి ఊరుకునే ప్రమాదం ఉంది.

దీన్ని ఇంత సాగదీసి చెప్పడానికి కారణం ఉంది. ఫోన్ యాప్‌లతో చేసే కోడింగ్‌లో ఎక్కువమంది ఈ షీట్ జోలికి వెళ్లరు, నేరుగా ఒక్కో మాడ్యూల్‌లో ఒక్కో సెట్టింగ్ మార్చేస్తారు. అప్పటికి పని చేస్తుంది. తర్వాత ఎప్పుడో సర్వీసుకిస్తే అక్కడ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తారు, ఆ కంప్యూటర్ బండి ఆర్డర్ షీట్ చదివి, అందులో ఉన్నవాటినే కోడ్ చేసి పంపిస్తుంది. షీట్‌లో లేనివన్నీ ఎగిరిపోతాయి. "సర్వీసుకిచ్చాక నా కెమెరా పోయింది" అని ఏడ్చేవాళ్లలో సగం మంది సంగతి ఇదే. కాబట్టి ఎవరితో చేయించుకున్నా ఒక్క ప్రశ్న అడగండి: ఎఫ్‌ఏలో రాస్తున్నావా, పైపైన మారుస్తున్నావా? తెల్లమొహం వేస్తే లేచి వచ్చేయండి.

ఓఆర్‌ఆర్ ఎక్కి 100 దగ్గర సెట్ చేస్తే స్పీడోమీటర్ అంచున పచ్చటి గుర్తు వెలిగింది. దిగుడు దగ్గర బండి వేగం పెరగబోతుంటే తనే మెల్లగా బ్రేక్ పట్టి మళ్లీ 100కి తెచ్చింది. ఇది తర్వాత తగిలించిన ముక్కలా లేదు, చెన్నై ఫ్యాక్టరీలోనే పెట్టినట్టుంది, నాకు కావాల్సింది అదే.

కెమెరా దీనికి పూర్తిగా రివర్సు. కెమెరాకి చోటున్న బూట్ హ్యాండిల్ వేరేగా దొరుకుతుంది, దాని హార్నెస్ కూడా రెడీమేడ్‌గా వస్తుంది, కానీ ఆ హార్నెస్‌ని బూట్ మూతకీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలోంచి లాక్కొచ్చి, వెనక సీటు పక్కనుంచి, డోర్ల కింద ప్లాస్టిక్ పట్టీల కిందుగా తెచ్చి, డ్యాష్‌బోర్డు మధ్యలో స్క్రీన్ యూనిట్ వెనక దింపాలి. ఆ రబ్బరు గొట్టం దగ్గర తొందరపడితే అప్పటికే ఉన్న వైర్లు నలిగిపోతాయి. మా భాయ్ నైలాన్ తాడుకి కొసన టేపు చుట్టి, కొంచెం సబ్బు నీళ్లు రాసి, దాన్ని ముందు పంపి దాని వెనక హార్నెస్ లాగాడు, మొత్తం పనిలో ఎక్కువసేపు పట్టింది అక్కడే. ఇంకో విషయం, స్క్రీన్ యూనిట్‌కి కెమెరా ఇన్‌పుట్ ఉందో లేదో ముందే దాని పార్ట్ నంబర్ బట్టి చూసుకోవాలి. లేకపోతే కెమెరా ఖర్చు కాస్తా స్క్రీన్ ఖర్చయి కూర్చుంటుంది.

నంబర్ ప్లేట్ దగ్గర బిగించే చవక కెమెరా పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకోవచ్చు, బొమ్మ కనపడుతుంది. ఒరిజినల్‌లో మాత్రం స్టీరింగ్ తిప్పుతుంటే స్క్రీన్ మీది గీతలు కూడా వంగుతాయి, ఎందుకంటే చక్రాలు ఎంత తిరిగాయో బండి నెట్‌వర్క్ నుంచి కెమెరాకి తెలుస్తుంది. మా సెల్లార్‌లో స్తంభాల మధ్య రివర్స్ తీసేవాడికి ఆ తేడా తెలుస్తుంది.

అద్దాలు ఇంకా పెట్టించలేదు. మోటార్ ఉన్న అద్దాలు రెండూ కావాలి, మడిచే బటన్ ఉన్న డోర్ స్విచ్ ప్యానెల్ కావాలి, డోర్‌లో వైరింగ్ కావాలి, ఇంత చేసి మిగిలేది చేత్తో చేసే ఒక చిన్న పని. మామగారు వచ్చే ముందే మడిచేస్తున్నాను.

కొన్నింటి జోలికి అసలు పోకండి. హెడ్-అప్ డిస్‌ప్లే కావాలని చాలామంది ఆశపడతారు. దానికి ప్రొజెక్టర్ ఒక్కటే కాదు, ముందు అద్దమే మార్చాలి. మామూలు అద్దంలో లోపలి ముఖం ఒక బొమ్మ, బయటి ముఖం ఇంకో బొమ్మ చూపించి అంకెలు రెండేసి కనపడతాయి, అందుకని హెడ్-అప్ డిస్‌ప్లే అద్దంలో రెండు గాజుల మధ్య పొర పైన ఒక మందం, కింద ఒక మందం ఉండేలా చేస్తారు. అద్దంతో పాటు డ్యాష్‌బోర్డు పైభాగం కూడా మార్చాలి. అంత డబ్బుకి నాలుగు కొత్త టైర్లు, సస్పెన్షన్ పని రెండూ అయిపోతాయి, అవి బండికి నిజంగా అవసరం కూడా. ఇక సీట్ హీటింగ్ అడిగినవాళ్లున్నారు. హైదరాబాద్‌లో. మే నెలలో ఒకసారి ఎండలో నిలిపిన బండి ఎక్కి చూడండి, ఫ్రీగానే దొరుకుతుంది.

పార్టుల సంగతి. కొత్తవి పార్ట్స్ కౌంటర్‌లో ఆర్డర్ పెట్టొచ్చు, పదకొండు అంకెల పార్ట్ నంబర్ మీరే తీసుకెళ్తే మాట సాగుతుంది. పాతవైతే ఢిల్లీ మాయాపురి, ముంబై కుర్లా, చెన్నై పుదుపేట. బటన్లు, హ్యాండిళ్లు, ప్లాస్టిక్ ముక్కలు పాతవి తీసుకోవడంలో తప్పులేదు. ఎయిర్‌బ్యాగ్ మాత్రం పాతది ఎవరు ఎంత తక్కువకిచ్చినా వద్దు, అది ఏ యాక్సిడెంట్ బండిలోంచి వచ్చిందో, నీళ్లలో మునిగిందో ఎవడికీ తెలియదు. పాత స్క్రీన్ యూనిట్లతోనూ జాగ్రత్త, దాన్లో వేరే బండి నంబర్ ఉంటుంది, నావిగేషన్ లైసెన్స్ ఆ నంబర్‌కే కట్టేసి ఉంటుంది. ఆడీలో అయితే కాంపొనెంట్ ప్రొటెక్షన్ అని ఇంకో తలనొప్పి, కంపెనీ సర్వర్‌తో కలిపి విడిపించేదాకా పార్టు సరిగా పని చేయదు.

కొత్త బండ్లలో ఈ గొడవ తలకిందులైంది. వైరూ పార్టూ అన్నీ పెట్టేసి, తాళం మాత్రం సాఫ్ట్‌వేర్‌లో వేస్తున్నారు. 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో సీట్ హీటింగ్‌కి నెలనెలా డబ్బు అడిగింది, బ్రిటన్‌లో నెలకి 15 పౌండ్లు, జనం ఉతికి ఆరేశారు, 2023లో వెనక్కి తగ్గింది. మెర్సిడెస్ జర్మనీలో ఈక్యూఎస్ అనే ఎలక్ట్రిక్ కారు వెనక చక్రాలు 4.5 డిగ్రీలకి బదులు 10 డిగ్రీలు తిరగాలంటే ఏడాదికి 489 యూరోలు అంది. చక్రాలు, మోటార్లు అవే, డబ్బు కట్టిన సీటే వెచ్చబడుతుంది, డబ్బు కట్టిన చక్రమే తిరుగుతుంది. నా 2013 బండికి లేని వైరు నేను లాగించుకోగలిగాను, ఇవాళ్టి బండి కొన్నవాడు పదేళ్ల తర్వాత ఏం చేస్తాడో, ఆ సర్వర్ అప్పటికి ఉంటుందో లేదో.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పేస్తాను, చాలామంది వదిలేస్తారు. రంగో ఇంజనో మారిస్తే ఆర్‌సీ వివరాలు మారతాయి కాబట్టి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తుంది, కెమెరా, క్రూజ్ బటన్లతో ఆ పేచీ లేదు. కానీ కంపెనీ ధరలో లేని ఎలక్ట్రికల్ సామాను మామూలు పాలసీలో కవర్ కాదు, ఐఎంటీ-24 అనే క్లాజును పాలసీలో విడిగా చేర్పించుకోవాలి, దానికి సామాను విలువ మీద కొంచెం అదనపు ప్రీమియం పడుతుంది. బిల్లు ఉంటేనే చేరుస్తారు, అందుకే క్యాష్ ఇచ్చి తెల్ల కాగితం మీద రాయించుకుని రాకండి, జీఎస్టీ బిల్లు అడగండి.