జాన్ కానర్ పుట్టిన తేదీ

ఏటా టెన్త్ నామినల్ రోల్స్ రాసేటప్పుడు మా స్కూల్లో పుట్టిన తేదీలు సరిచూసే పని నాదే. అడ్మిషన్ రిజిస్టర్ మీద స్కేలు పెట్టి ఒక్కో వరసా చదువుతాను. ఆ అలవాటు వల్ల, సినిమాలో తేదీ కనిపించినా బుర్రలో లెక్క మొదలైపోతుంది.

మొన్న ఆదివారం ఇంటర్ చదివే మా అబ్బాయీ నేనూ టెర్మినేటర్ మొదటి మూడు భాగాలూ వరసగా చూశాం. భవిష్యత్తులో యంత్రాల మీద మనుషుల పోరాటాన్ని నడిపించబోయే జాన్ కానర్‌ని ముందే లేకుండా చెయ్యాలని, ఆ యంత్రాలు గతంలోకి హంతక రోబోల్ని పంపడమే కథ. రెండో భాగంలో పోలీసు రూపంలో ఉన్న అలాంటి రోబో టీ-1000, కారులోని కంప్యూటర్లో జాన్ వివరాలు తీస్తాడు. పుట్టింది 1985 ఫిబ్రవరి 28, వయసు 10 అని ఉంటుంది. అంటే కథ జరిగేది 1995లో. మొదటి భాగంలో జాన్‌కి తండ్రి కాబోయే కైల్ రీస్ భవిష్యత్తు నుంచి వచ్చింది 1984 మే 12న. తొమ్మిదిన్నర నెలలకు జాన్ పుట్టాడు. సినిమాల మధ్య ఏడేళ్లు గడిచినా రెండింటి దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఆ లెక్క తప్పలేదు. నాకు ఎంత ముచ్చటేసిందో!

మూడో భాగం 2003లో వచ్చింది, దర్శకుడు మారాడు. మొదట్లోనే జాన్, తనకు 13 ఏళ్లప్పుడు యంత్రాలు మళ్లీ చంపడానికి వచ్చాయని చెప్తాడు. అక్కడే పాజ్ చేశాను. 1985కి 13 కలిపితే 1998. రెండో భాగంలో జాన్ తల్లి సారా ఆపాలని ప్రాణాలకు తెగించింది యంత్రాల వల్ల 1997 ఆగస్టు 29న రావాల్సిన ప్రళయాన్ని. ఈ లెక్కన ఆ రోజు ముందే దాటిపోయింది. ఇంక ఆవిడ దేన్ని ఆపడానికి పరిగెత్తినట్టు?

మూడో భాగంలోనే సారా సమాధి మీద పుట్టిన ఏడాది 1959 అని చెక్కారు. కానీ రెండో భాగంలో ఆసుపత్రి డాక్టరు ఆమెకు 29 ఏళ్లంటాడు. 1995లో 29 అయితే 1959 ఎలా కుదురుతుంది?

"ఆ కుర్రాడు 10 ఏళ్లవాడిలా లేడు కదమ్మా, అందుకే మార్చారేమో" అన్నాడు మావాడు. నిజమే, రెండో భాగంలో జాన్‌గా వేసిన ఎడ్వర్డ్ ఫర్లాంగ్ 1977 ఆగస్టులో పుట్టాడు, షూటింగ్ నాటికి 13 ఏళ్లే. అయినా నేను ఒప్పుకోను. పదేళ్లంటే ఐదో తరగతి, పదమూడంటే ఎనిమిదో తరగతి. ఎనిమిదికొచ్చిన పిల్లలు నా ముందు ఏడవరు, బాత్రూమ్‌కి వెళ్లి ముఖం కడుక్కుని వస్తారు. ఐదో తరగతి పిల్లాడు మాత్రం చెయ్యి పట్టుకుని వదలడు. తండ్రిని చూడలేదు, తల్లి ఆసుపత్రిలో బందీ, ఉంటున్నది పరాయివాళ్ల ఇంట్లో. అలాంటివాడు మనుషుల్ని చంపకూడదని, తనను కాపాడటానికి వచ్చిన ఒక యంత్రానికి నేర్పి, దాన్నే తండ్రిలా అల్లుకుపోయాడు. రెండో భాగం చివర్లో ఉక్కు ఫ్యాక్టరీలో ఆ యంత్రంతో, వెళ్లొద్దు, ఇది నా ఆర్డర్ అని ఏడుస్తూ అరిచింది ఆ ఐదో తరగతివాడే.