ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌లో హాల్మోస్‌తో నా అనుభవం

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఎమ్మెస్సీకి బరంపురం వచ్చాక పుస్తకాలన్నీ ఇంగ్లీషు. చివరి సెమిస్టర్ ప్రాజెక్ట్‌కి ఆపరేటర్ థియరీ (ఒక వెక్టర్‌ని ఇంకో వెక్టర్‌గా మార్చే లీనియర్ నియమాల అధ్యయనం) తీసుకుంటానంటే గైడ్ సార్ ఒక షరతు పెట్టారు: "ఒక గణితవేత్తను పట్టుకో. ఆయన జీవితమూ చెప్పాలి, లెక్కా చెప్పాలి." నేను పాల్ హాల్మోస్‌ని ఎంచుకున్నాను.

1916లో బుడాపెస్ట్‌లో పుట్టి, 13 ఏళ్లకు అమెరికా చేరాడు. ఇల్లినాయ్ యూనివర్సిటీలో తత్వశాస్త్రం మాస్టర్స్ మౌఖిక పరీక్ష తప్పి, పూర్తిగా గణితంలోకి వచ్చేశాడు. 1938లో జోసెఫ్ డూబ్ దగ్గర పీహెచ్‌డీ, తర్వాత ప్రిన్స్‌టన్‌లో ప్రసిద్ధ గణితవేత్త వాన్ నాయ్‌మన్‌కు సహాయకుడు. వైవా అంటేనే టెన్షన్ పడే మా బ్యాచ్‌కి, ఆ తప్పిన పరీక్ష సంగతి వినగానే కాస్త ఊపిరి అందింది.

అసలు కష్టం షిఫ్ట్ ఆపరేటర్ దగ్గర వచ్చింది. అనంత శ్రేణిలో ప్రతి పదాన్నీ ఒక చోటు కుడికి జరిపి, ముందు సున్నా పెట్టడమే దాని పని. సెలవులకు ఇంటికెళ్లి, బస్సులో అందరూ ఒక్కో సీటు వెనక్కి జరిగినట్టని అక్కకు చెప్పాను. బియ్యం ఏరుతున్నదల్లా ఆగి, "ఎవరూ దిగలేదు కదరా, మొదటి సీటు ఎలా ఖాళీ అయింది?" అంది. ఈ బస్సుకి చివరి సీటంటూ లేదు, అందుకే. పరిమిత డైమెన్షన్‌లో, అంటే పదాల సంఖ్యకు హద్దున్న చోట, ఇది జరగదు: దేన్నీ పోగొట్టని లీనియర్ ఆపరేటర్ మొత్తం స్పేస్‌ని నింపి తీరాలి. ఇలాంటి అనంత శ్రేణులుండే, అనంత డైమెన్షన్ల హిల్బర్ట్ స్పేస్ ఎందుకు వేరో నాకు అప్పుడే పూర్తిగా పట్టుబడింది.

ఇన్వేరియంట్ సబ్‌స్పేస్ సమస్యకు ప్రాజెక్ట్‌లో ఎక్కువ పేజీలిచ్చాను. ఆపరేటర్ పనిచేశాక కూడా అందులోని వెక్టర్లు బయటికి పోని సబ్‌స్పేసే ఇన్వేరియంట్ సబ్‌స్పేస్; సున్నా, మొత్తం స్పేస్ కాకుండా అలాంటిది ప్రతి ఆపరేటర్‌కీ ఉంటుందా అన్నదే సమస్య. 1966లో బెర్న్‌స్టీన్, రాబిన్సన్ అనే గణితవేత్తలు పాలినామియల్లీ కాంపాక్ట్ అనే ఒక ప్రత్యేక రకం ఆపరేటర్లకు, అతిసూక్ష్మ సంఖ్యలను నిజమైన సంఖ్యల్లా వాడే నాన్‌స్టాండర్డ్ అనాలిసిస్‌తో దాన్ని సాధించారు. హాల్మోస్ వాళ్ల ప్రూఫ్‌ని మామూలు పద్ధతిలోకి మార్చి రాశాడు. రెండూ ఒకే జర్నల్ సంచికలో వచ్చాయి. ఇతరుల ఆలోచనను అంత శ్రద్ధగా విప్పి చూపడం కూడా గొప్ప గణితమేనని నా నమ్మకం.

వైవాలో బయటి ఎగ్జామినర్ ఒక్కటే గట్టిగా అడిగారు: "షిఫ్ట్‌కి ఒక ఇన్వేరియంట్ సబ్‌స్పేస్ చెప్పు." మొదటి పదం సున్నాగా ఉన్న శ్రేణులన్నీ అన్నాను. జరిపినా ముందు సున్నాయే ఉంటుంది కాబట్టి అవి అందులోనే ఉంటాయి. "ఇంకా ఉన్నాయా?" అన్నారు. మొదటి రెండు సున్నాలు, మూడు సున్నాలు అంటూ బోర్డు మీద రాశాను. తలూపి సంతకం పెట్టారు.

అవే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. షిఫ్ట్‌కి ఉన్న ఆ సబ్‌స్పేస్‌లన్నిటినీ 1949లో గణితవేత్త బర్లింగ్ ఎలా తేల్చాడో ఇప్పుడు చదువుతున్నాను.