మూఢంలో పెనాంగ్

పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్‌ని కాబట్టి నా సంవత్సరం పంచాంగం చెప్పినట్టు నడుస్తుంది. 2024 ఏప్రిల్ ఆఖరున శుక్ర మూఢం పట్టింది, దాని వెనకే ఆషాఢం. శ్రావణం వచ్చేదాకా ముహూర్తాలు లేవు. మా విజయనగరంలో సన్నాయి వాళ్ళు, పందిళ్ళ వాళ్ళు, వంట మేస్త్రీలు, పూల కొట్ల వాళ్ళు, అందరికీ అన్నాళ్ళూ ఖాళీయే. సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే విశాఖపట్నం నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానం మొదలైంది. అంతకు ముందు డిసెంబరు నుంచే మలేషియా మనవాళ్ళను వీసా లేకుండా 30 రోజులు ఉండనిస్తోంది. పరాయి దేశంలో చుట్టపు చూపుగా కాకుండా నెలల తరబడి ఉండి, అక్కడి తిండి తిని, అక్కడి మనుషుల్ని ఫొటోలు తీయాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. మలేషియాలోని పెనాంగ్ ద్వీపానికి బయలుదేరాను.

"మూఢంలో ఎవరైనా పొలిమేర దాటుతారా?" అంది అమ్మ. వీధిలో వాళ్ళు అడిగింది వేరు: "ఏ కంపెనీలో బాబూ? నెలకి ఎంతిస్తారట?" ఉత్తరాంధ్రలో విదేశం అంటే సంపాదనకు వెళ్ళే చోటు. ఉద్దానం కుర్రాళ్ళు వెల్డింగు నేర్చుకుని గల్ఫ్‌కు, సింగపూర్‌కు వెళ్తారు. వాళ్ళ తాతల కాలంలో అందరూ రంగూన్ వెళ్ళేవారు. దాచుకున్న డబ్బు పట్టుకెళ్ళి అక్కడ ఖర్చుపెట్టి వస్తానంటే వాళ్ళకు వింతగానే ఉంటుంది మరి.

కెమెరా సంచీ సర్దుకునేటప్పుడే ఒకటి తేల్చుకున్నాను. పెళ్ళిలో నేను ఎక్కువగా వాడేది దూరంగా ఉన్నవాళ్ళను దగ్గరగా చూపే 70-200 లెన్సు. కల్యాణ మండపం చివర నిలబడి, అప్పగింతల వేళ పెళ్ళికూతురి తల్లి కళ్ళు తుడుచుకోవడం ఆమెకు తెలియకుండానే తీయవచ్చు. అక్కడ నాకు ఆ హక్కుంది, డబ్బిచ్చి పిలిచారు. పెనాంగ్‌లో నన్నెవరూ పిలవలేదు. అందుకని ఆ లెన్సును మూడు లాంతర్ల కూడలి దగ్గరి స్టూడియోలోనే వదిలేసి, ఒకే ఒక్క 35 ఎం.ఎం. లెన్సుతో వెళ్ళాను. దానితో మనిషి ముఖం తీయాలంటే చేయి చాస్తే అందేంత దగ్గరికి పోవాలి. అంత దగ్గరికి రానివ్వాలంటే మనం ఎవరమో ముందు ఆ మనిషికి తెలియాలి. ముందు తినాలి, తర్వాతే తీయాలి. ఈ ప్రయాణానికి నేను పెట్టుకున్న నియమం అదొక్కటే.

పెనాంగ్ ద్వీపంలో జార్జ్ టౌన్ పాత పట్టణం 2008 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. కింద దుకాణం, పైన కాపురం ఉండే చైనా వాళ్ళ పాత ఇళ్ళు వరసగా గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఇంటి ముందు కొంత జాగా వసారాగా వదిలి పైన మేడ కట్టారు కాబట్టి ఎండలోనూ వానలోనూ ఆ వసారాల కిందే నడిచిపోవచ్చు. ఫొటో తీసేవాడికి అది వరం. వీధిలోని ఎండ నేల మీద పడి, పైకి లేచి, వసారాలో కూర్చున్న మనిషి ముఖాన్ని మెత్తగా వెలిగిస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. జూన్‌లో మన దగ్గర అయిదున్నరకే ఎండ వస్తే, అక్కడి గడియారంలో సూర్యోదయం ఏడు దాటాకే. తీరికగా కాఫీ తాగి బయలుదేరినా ఉదయపు వెలుగు ఇంకా మిగిలే ఉంటుంది.

నేను రోజూ తిన్నది మా సందు చివరి కాఫీ దుకాణంలో. అక్కడి పద్ధతి నాకు చాలా నచ్చింది. దుకాణం యజమాని కాఫీ, టీ మాత్రమే అమ్ముతాడు. లోపల అయిదారు బండ్లు అద్దెకు పెట్టుకున్న వాళ్ళు ఒక్కొక్కరూ ఒక్కటే వంటకం చేస్తారు, జీవితమంతా అదే చేస్తారు. బియ్యప్పిండి నూడుల్స్ వేయించే ముసలాయన బొగ్గుల కుంపటి మీద ఇనప మూకుడు పెట్టి, ఒక్కసారికి ఒక్క పళ్ళెం మాత్రమే చేసేవాడు. రొయ్యలు, సముద్రపు గుల్లలు, మొలకలు, గుడ్డు, సోయా సాసు, ఎర్ర మిరప ముద్ద. పదిమంది కాచుకుని ఉన్నా రెండు పళ్ళేలు కలిపి వేసేవాడు కాదు. మూకుడు సెగ తగ్గితే ఆ పొగ వాసన రాదు, ఆ వాసన లేకపోతే అది ఆ వంటకమే కాదు. వందలమందికి ఒకేసారి వండే మేస్త్రీల మధ్య పెరిగినవాణ్ణి. ఆ పట్టుదల చూసి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

కెమెరా మెడలో ఉండేది. పైకెత్తేవాణ్ణి కాదు. తినేవాణ్ణి, పళ్ళెం తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి, వచ్చేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆయనే వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాడు, కెమెరా పాడైందా, రిపేరు దుకాణం చూపించమంటావా అని. బాగానే ఉంది, మిమ్మల్ని తీయాలని ఉంది, మీరు ఒప్పుకుంటేనే అన్నాను. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, బొగ్గులు ఎగదోసి, మంట లేచాక నా వైపు చూసి తల ఊపాడు. ఆ మంట నా కోసం లేపినది. అంత దగ్గరగా మూకుడు ముందు నిలబడి ఆయన చేతుల్ని తీశాను. మణికట్టు మీద పాత కాలిన మచ్చలున్నాయి. దూరం నుంచి ఏ లెన్సుతో తీసినా ఆ మచ్చలు వచ్చేవేమో గానీ, ఆ తల ఊపడం వచ్చేది కాదు.

పుల్లటి లక్సా గురించి చెప్పకపోతే అన్యాయం. చింతపండు పులుసులో చేప ఉడికించి, ముళ్ళు తీసి, ఆ గుజ్జును లావుపాటి బియ్యపు నూడుల్స్ మీద పోస్తారు. పైన పుదీనా, అనాస ముక్కలు, అల్లం జాతి మొక్క గులాబీ రంగు మొగ్గ తరుగు, పక్కన చెంచాతో రొయ్యల నల్లటి తియ్యటి ముద్ద. మొదటి చెంచాకే అనుమానం వచ్చి బజారుకు వెళ్ళి చేపను చూశాను. కానాగంతలే! పూసపాటిరేగ తీరం నుంచి మా చేపల బజారుకు వచ్చేవి. అదే సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా అదే చేప, అదే చింతపండు. మన పులుసులో మెంతులు, ఆవాలు పడతాయి, వాళ్ళ దాంట్లో ఆ మొగ్గ పడుతుంది. ఇంటికొచ్చాక అమ్మ వండిన కానాగంతల పులుసులో పుదీనా వేసి చూశాను, అమ్మ వారించినా. చాలా బాగుంది.

నాసి కందర్ కూడా ఇష్టంగా తిన్నాను. తమిళ ముస్లింలు ఒకప్పుడు కావడి మీద అన్నం ఒకవైపు, కూరలు ఒకవైపు మోసుకుంటూ అమ్మినది, ఇప్పుడు హోటళ్ళకు చేరింది. నాలుగైదు కూరల పులుసులు ఒకే అన్నం మీద పోయించుకోవడమే అందులో రుచి. అవన్నీ విడివిడిగా కావాలని అడిగే మనవాళ్ళను చూసి బాధపడ్డాను. డూరియన్ పళ్ళ కాలం కూడా అదే. అక్కడి రైతులు కాయ కోయరు, పండి రాత్రిపూట దానంతట అది రాలేదాకా ఆగుతారు. వాసనకు ముక్కు మూసుకోకుండా రోడ్డు పక్క బల్ల మీద కూర్చుని తింటే వెన్నలా కరిగిపోయింది. గోడల మీది ప్రసిద్ధ బొమ్మల ముందు ఫొటోలకు జనం వరసలు కట్టి ఉంటారు. అటు ఒకసారి వెళ్ళి చూసి వచ్చేశాను.

30 రోజుల గడువు దగ్గర పడ్డాక వియత్నాం వెళ్ళాను. వాళ్ళు 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఇ-వీసా ఇస్తున్నారు. హోయి అన్ అందమైన ఊరు, పౌర్ణమి ముందు రాత్రి కరెంటు దీపాలు తగ్గించి కాగితపు లాంతర్లు వెలిగిస్తారు. కానీ నా మనసు పట్టింది 'మీ సన్' అనే చోట. ఒకప్పుడు అక్కడ ఏలిన చంపా రాజులు కొండల మధ్య శివుడికి కట్టించిన ఇటుక గుళ్ళు అవి, నాలుగో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా. 1969లో అమెరికా బాంబులకు చాలా కూలిపోయాయి. శ్రీముఖలింగంలో చిన్నప్పటి నుంచి దండం పెట్టుకున్నవాణ్ణి, పానవట్టం మీద వాన నీళ్ళు నిలిచి ఉండటం చూసి చాలాసేపు కెమెరా తీయలేదు.

మళ్ళీ పెనాంగ్ చేరాక, పరిచయమైన ఒక తెలుగు టాక్సీ డ్రైవరు తన అమ్మమ్మ గారి ఊరికి రమ్మన్నాడు. దక్షిణ పేరాక్‌లో బగాన్ దాతు, కొబ్బరి తోటల ప్రాంతం. దారిలో తెలుక్ ఇంతాన్‌లో ఒక పక్కకు ఒరిగిన గడియారం బురుజు ఉంది. 1885లో కట్టారని రాసి ఉంటే ఒళ్ళు జలదరించింది. మా విజయనగరం గంటస్తంభం కట్టిందీ ఆ ఏడాదే.

తెల్లవాళ్ళ కాలంలో ఆ తోటల్లో కూలికి వచ్చిన తెలుగువాళ్ళలో చాలామంది విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్ళు. ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం అప్పట్లో వాటిలోవే. 1955లోనే అక్కడివాళ్ళు తెలుగు సంఘం పెట్టుకున్నారు, నేటికీ పిల్లలకు తెలుగు తరగతులు నడుపుతున్నారు. ఆ ఇంటి మామ్మ గారికి ఎనభై దాటాయి. పుట్టింది అక్కడే, మన నేల ఎన్నడూ చూడలేదు. నేను కూర్చోగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "మీ వైపు వానలు పడ్డాయా బాబూ?" కొబ్బరి పాలు పోసిన రొయ్యల కూరతో భోజనం పెట్టి, నేను తిన్నంతసేపూ పక్కనే కూర్చున్నారు.

తర్వాత ఫొటో అడిగాను. వంటింట్లో, కిటికీ వెలుగులో, పని చేసుకుంటూ ఉండగా తీయాలని నా కోరిక. ఆవిడ ఒప్పుకోలేదు. పట్టుచీర కట్టుకుని వచ్చి, వీధి గుమ్మం ముందు నిటారుగా, చేతులు రెండూ కిందికి పెట్టి నిలబడ్డారు. "కాళ్ళు కూడా పడాలి, నవ్వమని అడగొద్దు" అన్నారు. గోడ మీది పటంలో వాళ్ళ అమ్మానాన్నలు సరిగ్గా అలాగే నిలబడి ఉన్నారు. మామ్మ గారు చెప్పినట్టే తీశాను. ఆ ప్రయాణంలో నేను తీసిన ఫొటోలన్నిటిలో నాకు ఇష్టమైనది అదే. సహజంగా ఉండాలి, కెమెరా వైపు చూడకూడదు అని పెళ్ళిళ్ళలో ఇన్నేళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. తన బొమ్మ ఎలా ఉండాలో మనిషే నిర్ణయించుకున్నప్పుడు ముఖంలోకి వచ్చే గాంభీర్యం ఆ సహజత్వంలో రాదు. శ్రావణంలో బొబ్బిలి పెళ్ళి దగ్గర్నుంచి ప్రతి పెళ్ళిలోనూ తాతలను, మామ్మలను వాళ్ళకు నచ్చినట్టు నిలబడమని అడిగి, ఒక నిలువెత్తు ఫొటో తప్పకుండా తీస్తున్నాను. కొత్త దంపతులు ఆల్బంలో మొదట వెతుక్కునేది ఇప్పుడు దాన్నే.

వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. మలేషియాకు వెళ్ళే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో రాక కార్డు నింపాలి, రుసుము లేదు. అక్కడి డబ్బు రింగిట్, నేను వెళ్ళినప్పుడు ఒక్కోటి సుమారు 18 రూపాయలు. కాఫీ దుకాణాల్లో తింటే పూటకు పది రింగిట్లలో కడుపు నిండుతుంది, నెల అద్దెకు గది తీసుకుంటే రోజు లెక్క కన్నా బాగా కలిసివస్తుంది. ఫొటో తీసిన ప్రతివాళ్ళ చిరునామా రాసుకోండి. ఫోనులో పంపి ఊరుకోవద్దు, కాగితం మీద ప్రింటు వేయించి, రెండు వైపులా అట్టముక్క పెట్టి పోస్టులో పంపండి. నూడుల్స్ ముసలాయన ప్రింటు అందాక మనవరాలి చేత కబురు పంపించాడు: బండి మీద తగిలించడానికి ఇంకా పెద్దది కావాలట, పొగ పట్టకుండా లామినేషన్ చేయించి పంపమన్నాడు.