జానెడు లేని బొమ్మ కోసం ఢిల్లీకి

నిరుడు డిసెంబరులో మా ఎనిమిదో తరగతి పిల్లల్ని 22 మందిని వెంటబెట్టుకుని కాగజ్‌నగర్‌లో ఢిల్లీ రైలెక్కాను. 16 ఏళ్లుగా సాంఘికశాస్త్రం చెబుతున్నాను. ఏటా సింధు నాగరికత పాఠంలో మొహెంజొదారో నర్తకి బొమ్మ చూపిస్తాను. పుస్తకంలో అది పెద్దదిగా కనిపించేసరికి పిల్లలంతా నిలువెత్తు విగ్రహమనే అనుకుంటారు.

ఎర్రకోట, కుతుబ్ మీనార్ ఒక్కరోజులో చుట్టేశాం. మర్నాడంతా జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియానికే ఉంచుకున్నాం. హరప్పా గ్యాలరీలో ముద్రికలు, మట్టిబండ్లు దాటుకుని ఆ అద్దాల పెట్టె ముందుకు రాగానే "ఇంతేనా టీచర్!" అన్నాడొకడు. అంతే. 10.5 సెంటీమీటర్లు. వాడి అరచేతిలో ఇమిడిపోతుంది.

తలా ఒక కాగితం, పెన్సిలూ ఇచ్చి, పక్కనున్న చీటీ చదవకుండా చూసింది చూసినట్టు గీయమన్నాను. గీస్తేగానీ పిల్లలు నిజంగా చూడరని నా నమ్మకం. కుడిచెయ్యి నడుం మీద, తల కాస్త వెనక్కి, మెడలో హారం. పాదాలు లేవు, విరిగిపోయాయి. ఎడమచేతికి భుజం దాకా గాజులే. 24 అని కొందరు, కాదు 25 అని కొందరు తగువు పడ్డారు. కుడిచేతికి మాత్రం నాలుగే.

"మా నాయనమ్మ గూడ గిట్లనే పైదాకా ఏస్కుంటది టీచర్" అంది తండా నుంచి వచ్చిన పిల్ల. దాదాపు 4,500 ఏళ్ల నాటి మనిషికీ ఆ నాయనమ్మకీ చుట్టరికం కలపడం తొందరపాటవుతుంది, నేను కలపలేదు. కానీ ఆ పిల్ల గీసిన చెయ్యి చూశాక నోట మాట రాలేదు. గాజుల బరువుకి భుజం ఒక పక్కకి దిగినట్టు గీసింది.

"ఈమె ఏం చేస్తోంది?" అని అడిగాను. అలిగిందన్నారు. ఎవరితోనో పంచాయితీ పెట్టుకుందన్నారు. నీళ్ల కోసం నిలబడి విసిగిపోయిందన్నారు. నాట్యమని ఒక్కరూ అనలేదు. అప్పుడు చెప్పాను: 1926లో తవ్వకాల్లో దొరికింది, అప్పటి పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్‌కి ఈమె నర్తకిలా తోచింది, ఆ పేరే నిలిచిపోయింది.

"ఆమె ఆడుతుంటే ఆయన చూసిండా టీచర్?"

ఇన్నేళ్లూ పాఠంలో ఆ పేరు నేనూ అలాగే చెప్పేశానే అని మనసు చివుక్కుమంది.

ఉషేగావ్ దగ్గరి పిల్లాడొకడు అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ, "ఇది మా ఓజోళ్లు చేసినట్టే చేసిన్రా?" అన్నాడు. ఓజోళ్లంటే మా ఆదిలాబాద్ వైపు లోహపు బొమ్మలు పోసేవాళ్లు, ఆ పనినే డోక్రా అంటారు. ఆదిలాబాద్ డోక్రాకి 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, కానీ వాడికది ఇంటి పక్క పని. ఇక నేను తప్పుకుని వాణ్ణే చెప్పమన్నాను. మైనంతో బొమ్మ చేస్తారు, మీద మట్టి మెత్తుతారు, కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొట్టాల్సిందే, కాబట్టి ఒక అచ్చుకి ఒకటే బొమ్మ. అక్కడ ఇత్తడి, ఇక్కడ కంచు. పద్ధతి ఒకటే.

బొమ్మల కింద పేర్లు పెట్టమన్నాను. ఆ తండా పిల్ల ఖాళీగా వదిలేసింది. ఎందుకమ్మా అంటే, "ఆమె పేరు మనకు తెల్వదు కద టీచర్" అంది.