పదిహేడేళ్లు మాగిన చుట్ట

మావయ్యకి గుండెలో స్టెంట్లు వేసి ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ ఒకటే మాట చెప్పారు, ఇక చుట్ట ముట్టుకోవద్దని. ఆయన ఆ రోజుతో మానేశారు. అప్పటికి ఆయన దగ్గర ఏడు క్యూబా సిగార్లు మిగిలి ఉన్నాయి. ఒక ఆదివారం నన్ను విశాఖ చినవాల్తేరులోని ఇంటికి పిలిచి డబ్బా నా ముందు పెట్టారు.

"వీటిని నువ్వు కాల్చు. కానీ నా ముందు కూర్చుని కాల్చాలి. ఏం రుచి తగుల్తోందో ఎప్పటికప్పుడు నాకు చెప్పాలి."

నాకు సిగార్ అంటే పెద్దగా తెలియదు. కాలేజీ రోజుల్లో సిగరెట్లు కాల్చి మానేసినవాణ్ని. అయినా ఆయన అడిగిన తీరు చూశాక కాదనలేకపోయాను. మొదటిది పాడుచేశాను. రెండోదానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో ఏం చేశామో, చివరికి ఏం దొరికిందో రాస్తున్నాను.

ముందు డబ్బా గురించి. మావయ్య మర్చంట్ షిప్పుల్లో చీఫ్ ఇంజినీర్‌గా చేశారు. 2008లో ఓడ హవానా రేవులో ఆగినప్పుడు కొన్నారు దీన్ని. పార్టగాస్ సీరీ డి నంబర్ 4, ఇరవై ఐదు సిగార్ల పెట్టె. 1845 నాటి కంపెనీ. ఒక్కోటి 124 మిల్లీమీటర్ల పొడవు, మన బొటనవేలంత లావు. పెట్టెని తిరగేస్తే అడుగున సిరాతో కొట్టిన ముద్ర ఉంటుంది. ఫ్యాక్టరీ గుర్తు, దాని కింద ఏ-బీ-ఆర్ అనే మూడక్షరాలు, పక్కన 08. ఏ-బీ-ఆర్ అనేది స్పానిష్‌లో ఏప్రిల్‌కి పొట్టి పేరు. అంటే పెట్టెలో సర్దింది 2008 ఏప్రిల్‌లో. క్యూబా సిగార్ వయసు లెక్కపెట్టేది ఆ ముద్ర చూసే.

ఇన్నేళ్లు ఎందుకు దాచాలని అడిగాను. మావయ్య ఆవకాయతో మొదలుపెట్టారు. కొత్తగా కలిపిన ఆవకాయలో కారం కారంగానే తెలుస్తుంది, ఆవఘాటు వేరేగా ముక్కుకి కొడుతుంది, ఉప్పు ఇంకో పక్క ఉంటుంది. మూడు నెలలు పోతే ఏది ఎక్కడుందో విడదీయలేం. సిగార్ కూడా అలాగే మాగుతుంది. పొగాకు ఆకుని ఆరబెట్టాక కుప్పగా పేర్చి మండె కట్టి పెడితే లోపల వేడి పుట్టి ఆకు పులుస్తుంది, అమ్మోనియా బయటికి పోతుంది. గోదావరి లంకల్లో చుట్ట పొగాకు పండించేవాళ్లకి ఈ మండెల సంగతి కొత్త కాదు. సిగార్ చుట్టేశాక కూడా ఆ మార్పు ఆగదు, చాలా నెమ్మదిగా సాగుతూనే ఉంటుంది. మొక్క పై భాగంలో ఎండ బాగా తగిలిన దళసరి ఆకుని క్యూబావాళ్లు లిహేరో అంటారు. ఘాటంతా దానిది, కాలడమూ మెల్లగానే. దాన్ని చుట్టకముందే కనీసం రెండేళ్లు పక్కన పెడతారు. ఈ రకంలో లిహేరో బలం ఎక్కువ. అందుకే కొత్తగా ఉన్నప్పుడు గొంతు పట్టేసేదట, ఏళ్లు గడిచేకొద్దీ మంచిదయిందట.

అయితే విశాఖలో పదిహేడేళ్లు దాచడం మాటలు కాదు. సిగార్ గురించి రాసినవాళ్లలో చాలామంది చలిదేశాలవాళ్లు. వాళ్ల బాధంతా ఆకు ఎండిపోకుండా చూసుకోవడం. మనకి తిరకాసు. సముద్రపు గాలికి తలుపులు ఉబ్బి బిగుసుకుపోయే ఊరు ఇది. ఇక్కడ సిగార్‌కి తడి ఎక్కువవుతుంది, బూజు పడుతుంది. దానికి తోడు పురుగు. ధనియాల్లో, ఎండుమిర్చిలో పట్టే చిన్న గోధుమరంగు పురుగే పొగాకుకీ పడుతుంది. గుడ్లు ఆకులోనే ఉంటాయి, వేడి పాతిక డిగ్రీలు దాటితే పొదుగుతాయి. అందుకని మావయ్య ఒక చిన్న కూలర్ కొని పద్దెనిమిది డిగ్రీల దగ్గర పెట్టి, అందులో చెక్కపెట్టె ఉంచేవారు. ఆ చెక్కని స్పానిష్ సెడార్ అంటారు గానీ అది స్పెయిన్‌ది కాదు, దేవదారూ కాదు. మన వేప కుటుంబానికి చెందిన చెట్టు, అమెరికా ఖండంలో పెరుగుతుంది. దాని వాసన సిగార్‌కి పడుతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ తర్వాత కరెంటు లేని రోజులు ఈ ఊరివాళ్లెవరూ మర్చిపోరు. కూలర్ ఆగిపోయింది. అత్తయ్య మంచినీళ్ల కోసం బిందెలు పట్టుకుని తిరుగుతుంటే ఈయన థర్మోకోల్ పెట్టెలో సిగార్లు సర్దుకుని కూర్చున్నారట. ఆ మాట అత్తయ్య ఇప్పటికీ అంటారు. కరెంటు వచ్చాక చూస్తే మూడింటికి చిల్లులు. సూదితో గుచ్చినట్టు గుండ్రటి బెజ్జం, కింద పెట్టెలో చిటికెడు గోధుమరంగు పొడి. ఆ మూడూ పారేసి, మిగతా పదమూడూ జిప్ కవర్లో పెట్టి నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచారు. బయటికి తీశాక వెంటనే వేడి తగలనివ్వకుండా ఒక రోజు కింది ఫ్రిజ్‌లో పెట్టారు, లేకపోతే పై ఆకు చిట్లిపోతుంది. అలా బతికిన పదమూడులో ఈ ఏడూ.

ఇక నేను పాడుచేసిన మొదటిది. ఆగస్టు నెల, వాన వెలిసిన సాయంత్రం. పెట్టెలోంచి తీసిందే తడవుగా వెలిగించాను. మధ్యాహ్నం సరిగా తినలేదు. సిగరెట్ అలవాటు కొద్దీ గబగబా లాగాను, ఒకటి రెండుసార్లు పొగ లోపలికి మింగాను. పొగ సరిగా రావట్లేదు, రెండు నిమిషాలకోసారి ఆరిపోతోంది. మళ్లీ వెలిగిస్తే చేదు. అరగంటకి చెమటలు పట్టి కడుపులో తిప్పేసింది. అత్తయ్య బెల్లం ముక్క నోట్లో పెట్టి, మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టారు. అది నికోటిన్ దెబ్బ. సిగార్‌లో సిగరెట్ కంటే పొగాకు ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది, ఖాళీ కడుపుతో అసలు పనికిరాదు. మావయ్య మాత్రం నన్నేమీ అనలేదు. మిగిలిన సగాన్ని చేత్తో నొక్కి చూసి, "తడిగా ఉందిరా. తప్పు నీదొక్కడిదే కాదు" అన్నారు.

పెట్టెలో తేమ కొలిచే మీటర్ డెబ్బై చూపిస్తోంది. దాన్ని పరీక్షించాలి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దగా అయ్యేంతవరకే నీటి చుక్కలు కలిపి, మీటర్‌తో పాటు జిప్ కవర్లో పెట్టి ఒక రోజంతా వదిలేశాం. తడిసిన ఉప్పు చుట్టూ గాలిలో తేమ ఎప్పుడూ 75 శాతం దగ్గరే నిలబడుతుంది. మా మీటర్ 68 చూపించింది. అంటే అది ఏడు తక్కువ చెబుతోంది, పెట్టెలో నిజంగా ఉన్నది 77. వానాకాలంలో కూలర్ తలుపు రబ్బరు వదులై గాలి లోపలికి పోతోందని ఆ తర్వాత కనిపెట్టాం.

రబ్బరు మార్పించాం. పెట్టెలో 65 శాతం దగ్గర నిలబెట్టే బోవెడా ప్యాకెట్లు రెండు వేశాం. అవి తేమ ఎక్కువైతే పీల్చుకుంటాయి, తక్కువైతే వదులుతాయి. ఇక ఎదురుచూడటమే పని. సిగార్ పైపైన తొందరగా ఆరుతుంది గానీ లోపలి ఆకు దారికి రావడానికి వారాలు పడుతుంది. నేను పదిహేను రోజులకోసారి వెళ్లి మీటర్ చూసి, దానికి ఏడు కలిపి రాసేవాణ్ని. సెప్టెంబర్‌లో 72, దసరా వెళ్లాక 69, డిసెంబర్ మొదట్లో 65. ఈ నెలల్లో మావయ్య నా చేత ఇంకో పని చేయించారు. వంటింట్లో డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి, కళ్లు మూసుకుని వాసన చూసి పేరు చెప్పమనేవారు. పచ్చి ధనియాలు, వేయించిన ధనియాలు, తాటిబెల్లం, చెరకుబెల్లం, ఎండుద్రాక్ష. "పుస్తకాల్లో కోకో అంటారు, లెదర్ అంటారు. అవి వాళ్ల ఇళ్లలో వాసనలు. నువ్వు నాకు మనింట్లో వాసనలతో చెప్పు" అన్నారు. నేను చేసిన పనులన్నింటిలో నిజంగా అక్కరకొచ్చింది ఇదే.

జనవరి, సంక్రాంతికి వారం ముందు. రెండు రోజుల ముందే ఒకటి తీసి విడిగా చెక్కపెట్టెలో పెట్టాం, పై ఆకు ఇంకొంచెం ఆరడానికి. కడుపు నిండా తిన్నాను. సాయంత్రం సముద్రపు గాలి విసురుగా ఉంటుంది, అందులో కాలిస్తే ఒక పక్కే కాలుతుంది. ఎనిమిదిన్నర దాటాక గాలి పడిపోయింది. అప్పుడు డాబా మీదికి వెళ్లాం. పదిమంది తిరిగే చోట కాల్చడం బాగుండదు కాబట్టి బీచ్ ఊసే లేదు. అత్తయ్య చేతిరుమాలు పైకెత్తి గాలి ఎటు పోతోందో చూసి, పొగ తగలనంత దూరంలో మావయ్యకి కుర్చీ వేశారు. దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు తిరుగుతోంది, రేవు బయట లంగరేసిన ఓడల దీపాలు వరసగా ఉన్నాయి.

వెలిగించకముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పాత టేకు బీరువా తలుపు తీసినట్టు, లోపల ఎండుగడ్డి ఉన్నట్టు. పై ఆకు మీద సన్నటి ఈనెలు, అరచేతిలో రేఖల్లా. వేళ్లకి కాస్త నూనె తగిలింది. నోట్లో పెట్టుకునే కొసకి అంటించిన చిన్న ఆకు టోపీని రెండు మిల్లీమీటర్లు మాత్రమే కోశాను. టోపీ గీత దాటి కోస్తే పై ఆకంతా విడిపోతుంది. వెలిగించకుండా లాగి చూస్తే నోట్లో ఎండుద్రాక్ష. ఆ మాట చెప్పగానే మావయ్య కళ్లు మూసుకున్నారు.

పెట్టెలోంచి తీసిన సెడార్ పుల్లతో వెలిగించాను. మంట తగలనివ్వకుండా, కాస్త కింద ఉంచి, సిగార్‌ని తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా కాచాలి. నిమిషానికి ఒక్కసారి, మెల్లగా. పొగ నోట్లోనే తిప్పి వదిలేయాలి, మింగకూడదు. అప్పుడప్పుడు ఇసుమంత ముక్కులోంచి వదిలితే నాలుకకి తెలియనివి తెలుస్తాయి.

"ఏట్రా, ఏం తగుల్తోంది?"

"మిరియాలు ఉన్నాయి మావయ్యా. కానీ ముందుకి రావట్లేదు, వెనకాల ఉన్నాయి. వేయించిన ధనియాలు."

"మట్టి?"

"ఉంది. మొదటి వాన పడ్డప్పటిది."

"కొత్తలో ఆ మిరియమే మొత్తం నోరు పట్టేసేది" అన్నారాయన. "పదిహేడేళ్లకి దాని చోటులోకి అది వెళ్లిందన్నమాట."

బూడిద రాలలేదు. లోపల పొడవాటి ఆకులే ఉంటాయి కాబట్టి రెండు సెంటీమీటర్ల దాకా గట్టిగా నిలబడింది, తెలుపు కలిసిన బూడిదరంగు, మెట్లు మెట్లుగా. సగానికి వచ్చేసరికి రుచి మారింది. పాలు లేని అరకు కాఫీ, దాని వెనక తాటిబెల్లం. కాసేపటికి ఇంకోటి వచ్చింది, పేరు దొరకలేదు. నేను ఆలోచిస్తుంటే మావయ్య తొందరపెట్టలేదు. నేతిలో వేగి దించేసిన జీడిపప్పు, అడుగున మిగిలిన ఆ నెయ్యి వాసన. అది చెప్పగానే ఆయన కుర్చీలో ముందుకి జరిగి, "అదే! 2019లో నాకూ అదే వచ్చింది. పేరు పెట్టలేకపోయాను" అన్నారు.

చివరి మూడోవంతులో నేను ఎదురుచూడనిది తగిలింది. మా నాయనమ్మ వాసన. భీమిలి వైపు పల్లె మాది. ఆవిడ అడ్డపొగ తాగేది, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని. ఆ నాటు చుట్ట ఘాటు వేరు, ఇది వేరు. కానీ లోపల ఎక్కడో ఆకు ఒకటే. ఆవిడ చీర కొంగులో, మంచం నవారులో ఉండే వాసన అది. ఆవిడ అంగిలి మీద తెల్లమచ్చ వస్తే విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో చూపించాం. అడ్డపొగకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం గురించి మన ఆంధ్ర వైద్య కళాశాల డాక్టర్లు 1950ల్లోనే రాశారు. ఆవిడ ఆ రోజే మానేసింది, తర్వాత చాలా ఏళ్లు బతికింది. పొగ మింగకపోయినా సిగార్ నోటికీ గుండెకీ చేటే. మాగినంత మాత్రాన ఆ చేటు పోదు. అందుకే ఏడాదికి ఒకటి మించకూడదని మేమిద్దరం ముందే అనుకున్నాం. వేరే సిగార్ కొననని అత్తయ్యకి మాటిచ్చాను.

నాయనమ్మ సంగతి చెబితే మావయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకెప్పుడూ రాలేదురా అది. నీకే వచ్చింది" అన్నారు.

గంటా పది నిమిషాలు పట్టింది. వేళ్లకి వేడి తగులుతున్నప్పుడు ఆపేశాను. నలిపి ఆర్పకూడదు, చెడ్డ వాసన వస్తుంది. పళ్లెంలో పెట్టేస్తే అదే ఆరిపోతుంది. మావయ్య జేబులోంచి పాత నోటుబుక్కు తీశారు. 2008 నుంచి కాల్చిన ప్రతిదానికీ అందులో ఒక పేజీ ఉంది. ఈసారి పెన్ను నాకిచ్చారు. తేదీ వేసి, ఎండుద్రాక్ష, ధనియాలు, మొదటి వాన, అరకు కాఫీ, తాటిబెల్లం, నెయ్యి అని వరసగా రాశాను. చివర నాయనమ్మ అని రాసి ఆయనకి చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, కింద "మిగిలినవి 5" అని తన చేత్తో రాసుకున్నారు.